134 ఘనపు అంగుళాలు

చక్రాల చరిత్ర: ఎనిమిదో భాగం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరం. 1938లో అక్కడి విల్లీస్-ఓవర్‌ల్యాండ్ కార్ల కంపెనీ ఇంజనీరింగ్ విభాగానికి కొత్త పెద్ద వచ్చాడు. పేరు డెల్మార్ రూస్. అందరూ బార్నీ అని పిలిచేవారు. స్టూడీబేకర్‌లో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత ఇంగ్లండు వెళ్లి రూట్స్ కంపెనీకి పనిచేసి వచ్చిన మనిషి. అంతటివాడు విల్లీస్‌లో చేరడమే ఒక వింత. 1933లో రిసీవర్ల చేతిలో పడి, మూడేళ్లకు గానీ ఒడ్డున పడని కంపెనీ అది. ఫోర్డు, షెవర్లే, ప్లిమత్ కార్ల ముందు దాని చిన్న కార్లను పట్టించుకున్న నాథుడు లేడు.

కొత్త ఇంజిను తయారుచేయాలంటే పోత అచ్చుల దగ్గర్నుంచి మరల దాకా అన్నీ కొత్తవి కావాలి. వాటికి డబ్బెక్కడిది? చేతిలో ఉన్నదల్లా 1926లో విప్పెట్ అనే చిన్న కారు కోసం చేసుకున్న నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిను. బోరు 3.125 అంగుళాలు, స్ట్రోకు 4.375 అంగుళాలు. నాలుగు సిలిండర్లూ కలిపితే 134.2 ఘనపు అంగుళాలు. ఇప్పటి లెక్కలో 2,199 సీసీ.

ఈ 134ను పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. బండి మారింది, కంపెనీ చేతులు మారింది, దేశాలు మారాయి, సిలిండర్ల మీది హెడ్డు సైతం మారిపోయింది. ఈ అంకె మాత్రం నలభై అయిదేళ్లు అమెరికాలో అలాగే నిలిచింది, ఆ తర్వాత మన దేశంలోనూ సాగింది.

రూస్ చేతికి వచ్చేనాటికి ఆ ఇంజినుది 48 హార్స్‌పవర్. నెమ్మదిగా నడిపితే పేచీ లేదు. నిమిషానికి 3,400 చుట్లు దాటించి పట్టుబట్టి తిప్పితే మాత్రం నిమిషాల్లోనే బేరింగులు కాలిపోయి చేతులెత్తేసేది. అప్పటికి అమెరికాలో రోడ్లు బాగుపడుతున్నాయి, జనం వేగం మరిగారు. దాన్ని 4,400 చుట్ల దగ్గర గంటల తరబడి తిప్పినా తట్టుకునేలా చేయాలని రూస్ పట్టుపట్టాడు.

ఆయన చేసినవాటిలో అబ్బురం అనిపించే ఉపాయం ఒక్కటీ లేదు. పోత ఇనుము పిస్టన్లు తీసేసి తేలికైన అల్యూమినియం పిస్టన్లు వేశాడు. బేరింగులు మార్చాడు. క్రాంక్‌షాఫ్టుకూ బేరింగులకూ మధ్య ఉండే సందు మరింత కచ్చితంగా ఉండేలా అరగదీయించాడు. వాల్వులకు వేడిని ఓర్చుకునే లోహం వాడాడు. ఫ్లైవీలు బరువు తగ్గించాడు. కార్బొరేటరు పెద్దది పెట్టాడు. కంప్రెషను పెంచాడు. ఎక్కడ విరిగితే అక్కడ ఎందుకు విరిగిందో చూసి, దాన్ని గట్టిచేసి, మళ్లీ బెంచి మీద తిప్పించడమే పని. రెండేళ్లలో 48 కాస్తా 60 దాటింది. బయటికి చూస్తే బ్లాకు అదే, కొలతలూ అవే. ఈ మరమ్మతు అంతా మామూలు కారు కొనుక్కునే సంసారుల కోసం జరిగిందన్నది మరవకూడదు. యుద్ధం ఊసు అప్పటికి టొలీడోలో లేదు.

1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఉత్తరాలు రాసింది. నాలుగు చక్రాలకూ శక్తి అందే తేలికపాటి నిఘా బండి కావాలి, నమూనా బండి 49 రోజుల్లో గేటు ముందుండాలి అని. అంత తక్కువ గడువుకు జడిసి చాలామంది జవాబే ఇవ్వలేదు. ముందుకొచ్చినవి రెండే: పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊళ్లో చితికిపోయి ఉన్న బాంటమ్, టొలీడోలోని విల్లీస్. రెండూ ఆకలి మీదున్న కంపెనీలే. విల్లీస్ ఇంకాస్త గడువు అడిగింది. బాంటమ్ మాత్రం కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించి, అయిదారు రోజుల్లో నక్షాలు గీయించి, సెప్టెంబరు 23న బాల్టిమోర్ దగ్గరి హోలాబర్డ్ శిబిరానికి బండిని తోలుకొచ్చింది. గడువు ముగియడానికి అప్పటికి అరగంటే ఉంది.

జీపు ఆకారం, నిజం చెప్పాలంటే, బాంటమ్‌దే. ఆ నక్షాలను సైన్యమే విల్లీస్‌కూ ఫోర్డుకూ చూపించింది. ఇది న్యాయమా అంటే కాదు. కానీ చిన్న కంపెనీ లక్షల బండ్లు చేయగలదన్న నమ్మకం సైన్యానికి లేకపోయింది.

మూడు నమూనాలూ పక్కపక్కన నిలిచాక అసలు తేడా బానెట్ కింద బయటపడింది. బాంటమ్‌లో కాంటినెంటల్ కంపెనీ ఇంజిను, 45 హార్స్‌పవర్. ఫోర్డు తన ట్రాక్టరు ఇంజినును మలిచి పెట్టింది, 46. విల్లీస్‌లో రూస్ ఇంజిను, 60. బురదలో, ఇసుకలో, ఏటవాలు గట్ల మీద ఆ పదిహేను హార్స్‌పవర్ల తేడా ఏమిటో పరీక్షించే సైనికులకు చెప్పనక్కర్లేకపోయింది. నిమిషానికి 2,000 చుట్ల దగ్గరే దాని లాగుడు 105 పౌండ్-అడుగులకు చేరేది. స్ట్రోకు పొడవు కావడంతో యాక్సిలరేటరును గట్టిగా తొక్కకుండానే గుంటలోంచి బండి పైకొచ్చేసేది. అంతకంటే సైన్యానికి కావలసిందేముంది?

ఒక చిక్కుంది. బరువు. సైన్యం మొదట పెట్టిన హద్దు 1,300 పౌండ్లు. అది పిచ్చి లెక్కని తొందరగానే తేలిపోయి, 2,160 పౌండ్లకు పెంచారు. విల్లీస్ నమూనా దానికీ లొంగలేదు. వంద కిలోలకు పైగా ఎక్కువ తూగింది. కారణం ఆ ఇంజినే. తేలికైన కాంటినెంటల్‌ను తెచ్చి పెట్టుకుంటే బరువు చిక్కు తీరిపోయేది, కానీ బలం పోయేది. రూస్ ఇంజినును ముట్టుకోనని భీష్మించాడు. బండిని ముక్కముక్కలుగా విప్పించి, ఒక్కో భాగాన్నీ తూకం వేయించాడు. పొడుగైన బోల్టుల చివరలు కోయించాడు. మందం రేకుల చోట పల్చనివి వేయించాడు. ఇంకో పూత రంగు వేస్తే హద్దు దాటుతుందని ఒక్క పూతతోనే సరిపెట్టారని చెబుతారు. రంగు మాట కాస్త పెంచి చెప్పిందే అయినా, చివరి లెక్క ఔన్సుల్లోకి వచ్చిందన్నది మాత్రం నిజం.

1941 జూలైలో 16,000 బండ్ల కాంట్రాక్టు విల్లీస్‌కు దక్కింది. ఒక్కోటి 740 డాలర్లకు అటూ ఇటూ. ఆ బండి పేరు ఎంబీ. ఇంజిను పేరు ప్రకటనల్లో గో డెవిల్.

అవసరం ముంచుకొచ్చేసరికి ఒక్క కంపెనీతో సరిపోలేదు. ఫోర్డును కూడా రంగంలోకి దింపారు. షరతు ఒక్కటే: తన నమూనా కాదు, విల్లీస్ నమూనానే చేయాలి, ఇంజినుతో సహా. ఫోర్డు అంతటి కంపెనీ నోరు మూసుకుని ఇంకొకరి ఇంజినును పోత పోయాల్సి వచ్చింది. పౌరుషం మాత్రం చంపుకోలేదు. తాను చేసిన బోల్టుల తలల మీద, బ్రాకెట్ల మీద, దొరికినచోటల్లా ఇంగ్లీషు ఎఫ్ అక్షరం గుద్దుకుంది. పాత జీపులు సేకరించేవాళ్లు ఇప్పటికీ భూతద్దం పెట్టి వెతికేది ఆ అక్షరం కోసమే. రెండు కంపెనీలూ కలిసి 1945 నాటికి చేసిన జీపులు 6,40,000కు చేరువ. బాంటమ్‌కు మిగిలింది ఆ జీపుల వెనక తగిలించే ట్రయిలర్లు. జీపును తామే సృష్టించామని విల్లీస్ వేసుకున్న ప్రకటనల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి, 1948లో ఆ మాట ఇక అనవద్దని ఆదేశించింది. అయితేనేం, 1950లో జీప్ అనే ట్రేడ్‌మార్కు మాత్రం విల్లీస్‌కే దక్కింది.

ఇంతకీ ఆ ఇంజినులో ఏముంది? గో డెవిల్‌ను ఫ్లాట్‌హెడ్ రకం అంటారు. లోపలికి పెట్రోలు ఆవిరి వదిలే ఇన్‌టేక్ వాల్వులూ, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వులూ రెండూ సిలిండర్ల పక్కనే బ్లాకులో నిలబడి ఉంటాయి. కిందనున్న క్యామ్‌షాఫ్టు వాటిని నేరుగా పైకి తోస్తుంది. పుష్‌రాడ్లు లేవు, రాకర్లు లేవు. పైన ఉండే హెడ్డు గిన్నె మీద మూత లాంటిది, అంతే. ప్లగ్గులు దాని నెత్తిన కూర్చుంటాయి. కదిలే భాగాలు ఎన్ని తక్కువైతే అన్ని తక్కువ చెడతాయి. యుద్ధభూమిలో హెడ్డు దించి, గాస్కెట్ మార్చి, వాల్వులు నూరి మళ్లీ బిగించడానికి ఒక చెట్టునీడ, నాలుగు స్పానర్లు చాలు. కంప్రెషను 6.48 మాత్రమే కాబట్టి నాసిరకం పెట్రోలు పోసినా నడిచేది. బ్యాటరీ పడిపోతే బంపరు మీదుగా హ్యాండిల్ దూర్చి తిప్పితే సరి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పక్కన నిలబడ్డ వాల్వుల కోసం మంట మండే గది అడ్డంగా సాగాలి. అందువల్ల కంప్రెషను పెద్దగా పెంచడానికి వీలుండదు. గాలి లోపలికి మెలికలు తిరుగుతూ రావాలి, కాబట్టి ఎక్కువ చుట్ల దగ్గర ఊపిరాడదు. యుద్ధంలో ఎవరికీ ఇది పట్టలేదు. యుద్ధం అయ్యాక పట్టింది.

1945లో విల్లీస్ రైతుల కోసం సీజే-2ఏ జీపును తెచ్చింది. పొలం దున్నడం, రంపం తిప్పడం, పంపు నడపడం అన్నీ దీంతోనే అని ప్రచారం చేసింది. ఆ పనులకు గో డెవిల్ చాలింది. మరుసటి ఏడాది బ్రూక్స్ స్టీవెన్స్ గీసిన స్టేషన్ వ్యాగన్ వచ్చింది. అప్పట్లో వ్యాగన్లంటే కొయ్య బాడీలు. కొన్నవాళ్లు ఏటా వార్నిషు పూసుకోవాల్సిందే. ఇది పూర్తిగా ఉక్కుది. 1949లో దానికి నాలుగు చక్రాల డ్రైవ్ కూడా చేర్చారు. కుటుంబమంతా కూర్చోవచ్చు, వెనక సామాను వేసుకోవచ్చు, మంచులోనూ బురదలోనూ వెళ్లొచ్చు. ఇప్పుడు మనం ఎస్‌యూవీ అని పిలుచుకునే బండికి తాత ఎవరని అడిగితే ఈ వ్యాగన్‌ను చూపించడమే సబబు. అంత బండిని లాగాల్సింది మాత్రం అదే 60 చిల్లర హార్స్‌పవర్. ఎత్తు ఎక్కాలంటే ఆయాసం, హైవే మీద వెనకవాళ్ల హారన్లు.

మళ్లీ అదే చిక్కు: కొత్త ఇంజినుకు డబ్బు లేదు. మళ్లీ రూస్ అదే మందు వేశాడు. బ్లాకు కొలతలు, బోరు, స్ట్రోకు ఏదీ మార్చలేదు. ఎగ్జాస్ట్ వాల్వులను బ్లాకులోనే ఉంచి, ఇన్‌టేక్ వాల్వులను మాత్రం పీకి పైన హెడ్డులో పెట్టాడు. పక్కన చోటు ఖాళీ అయ్యింది కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వుకు విశాలంగా జాగా దొరికింది, పైన ఇన్‌టేక్ వాల్వును బాగా పెద్దది చేయడానికి వీలైంది. ఇంజనీర్లు దీన్ని ఎఫ్-హెడ్ అంటారు. ఇది సగం పాత, సగం కొత్త. అయినా 134 ఘనపు అంగుళాల నుంచే 72 హార్స్‌పవర్ వచ్చింది, తర్వాత 75కు చేరింది. 1950లో బయటికొచ్చిన ఈ ఇంజినుకు హరికేన్ అని పేరు పెట్టారు.

పైకి వాల్వులు, రాకర్లు, వాటి మీద మూత వచ్చేసరికి ఇంజిను ఎత్తు పెరిగింది. చిన్న జీపు బానెట్ కింద పట్టలేదు. 1953లో సీజే-3బీకి విల్లీస్ చేసిన వైద్యం మొరటుది. బానెట్‌నూ ముందున్న గ్రిల్‌నూ అమాంతం పైకెత్తేశారు. పాత జీపు ముఖానికి తల బొప్పి కట్టినట్టు తయారైంది. అందగాడని అమెరికాలో ఎవరూ అనలేదు. ఆ ఏడాదే హెన్రీ కైజర్ సంస్థ విల్లీస్‌ను కొనేసింది. రెండేళ్లు తిరక్కుండా గుండ్రని బానెట్‌తో సీజే-5 వచ్చి సీజే-3బీని వెనక్కి నెట్టింది. ఎత్తు తలకాయ జీపుకు అసలు ఆదరణ దొరికింది సముద్రాల అవతల. జపాన్‌లో మిత్సుబిషి, భారతదేశంలో మహీంద్రా దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి.

మన దేశానికి జీపు పరిచయం ఒక కుంభకోణంతో ముడిపడి ఉంది. 1948లో కాశ్మీర్ యుద్ధం వేళ సైన్యానికి జీపులు అత్యవసరమయ్యాయి. లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణమీనన్ మామూలు పద్ధతులు పక్కనబెట్టి, యుద్ధంలో వాడి బాగుచేసిన జీపులకు ఒక విదేశీ సంస్థతో ఒప్పందం కుదిర్చారు. చివరికి చేరినవి 155. అవి కూడా పనికిరావని సైన్యం తోసిపుచ్చింది. పార్లమెంటులో ఏళ్ల తరబడి దుమారం రేగింది. 1955లో ప్రభుత్వం ఆ అధ్యాయం ముగిసిందని ప్రకటించింది. 1956లో మీనన్ కేంద్ర మంత్రి అయ్యారు. ఎంత గట్టి ఇంజినైనా ఒకసారి అరిగిపోయాక పైన రంగు వేసి అమ్మితే ఏమవుతుందో మన సైన్యానికి అలా తెలిసివచ్చింది.

మహీంద్రాల దారి వేరు. జె.సి., కె.సి. మహీంద్రా సోదరులు, మాలిక్ గులామ్ మహమ్మద్ కలిసి 1945లో ఉక్కు వ్యాపారంగా మొదలుపెట్టిన సంస్థ అది. విభజన తర్వాత గులామ్ మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థికమంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. సంస్థ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. యుద్ధకాలంలో భారత సరఫరా మిషన్ పని మీద అమెరికాలో ఉన్నప్పుడు కె.సి. మహీంద్రాకు బార్నీ రూస్ పరిచయమయ్యాడు. రోడ్లు సరిగ్గా లేని దేశానికి ఇదే బండి అని ఆయనకు అప్పుడే తోచింది. 1949లో విడిభాగాలుగా ఓడలో దిగిన మొదటి 75 జీపులను బొంబాయిలోని మజ్‌గావ్‌లో బిగించారు. 1954లో విల్లీస్‌తో సాంకేతిక ఒప్పందం కుదిరింది. సీజే-3బీ, దాని హరికేన్ ఇంజిను క్రమంగా ఇక్కడి పోతలతో, ఇక్కడి పనివాళ్ల చేతుల్లో తయారవడం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత మూడు దశాబ్దాలు జీపు అంటే సర్కారు. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ అమలయ్యాక సమితి కార్యాలయం ముందు నిలబడ్డ బీడీఓ గారి జీపు, పోలీసు జీపు, అటవీ శాఖ జీపు, ఎన్నికలొస్తే మైకు కట్టుకు తిరిగే జీపు. సినిమాలో ఇన్‌స్పెక్టరు జీపులోంచి దూకకపోతే జనం ఊరుకునేవారు కాదు. ఊళ్లోకి దుమ్ము లేపుకుంటూ వచ్చే ఆ బండిని చూస్తే పిల్లలు వెంటపడేవారు, పన్ను బకాయి ఉన్నవాళ్లు పెరటి దారి పట్టేవారు.

దాని బాగోగులు చూసిన మెకానిక్కులకు మాత్రం హరికేన్ అంటే రెండు వాల్వుల వరసలు. ఇన్‌టేక్ టాపెట్లు సర్దాలంటే పైనున్న రాకర్ కవరు విప్పితే చాలు, నిలబడి చేసే పని. ఎగ్జాస్ట్ టాపెట్ల కోసం మాత్రం బ్లాకు పక్కనున్న మూత విప్పి, కాలే మ్యానిఫోల్డు కింద చేయి దూర్చాలి. ఒక స్పానరుతో టాపెట్‌ను కదలకుండా పట్టి, రెండోదానితో స్క్రూ తిప్పుతూ, మధ్యలో ఫీలర్ గేజి రేకు ఆడించి చూడాలి. పైన 18 థౌ, కింద 16. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. కింది సందు తగ్గితే ఎగ్జాస్ట్ వాల్వు సరిగ్గా మూసుకోక అంచు కాలిపోతుంది, లాగుడు పడిపోతుంది. ఎక్కువైతే టకటకమని చప్పుడు. ముంజేతి మీద కాలిన మచ్చలు లేని జీపు మెకానిక్ అరుదు. ఎండాకాలంలో ఇంకో బాధ. ఎగ్జాస్ట్ ఉన్న వైపే ఉండే పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టంలో పెట్రోలు ఆవిరై బండి నడిరోడ్డున ఆగిపోయేది. డ్రైవరు దిగి పంపు మీద తడిగుడ్డ వేసి, బీడీ ముట్టించి కూర్చునేవాడు. పెట్రోలు పక్కన బీడీ ఏమిటని అడిగే ధైర్యం ఆఫీసరుకు కూడా ఉండేది కాదు.

హరికేన్‌ను చివరికి పడగొట్టింది అరుగుదల కాదు, పెట్రోలు ధర. 1973 చివర్లో అరబ్బు దేశాలు చమురుకు బిగువు పెట్టడంతో నెలల వ్యవధిలో ముడిచమురు ధర నాలుగింతలైంది. తక్కువ కంప్రెషను, పొడుగు స్ట్రోకు ఉన్న ఈ ఇంజినుకు దాహం ఎక్కువ. ప్రభుత్వ శాఖలు పెట్రోలు కూపన్లు కోసేశాయి. ప్రైవేటు వాళ్లు పెట్రోలు ఇంజిను దించేసి, ఏ డీజిలు ఇంజిను దొరికితే అది తెచ్చి బిగించుకోవడం మొదలుపెట్టారు. చట్రం, గేర్‌బాక్సు, యాక్సిళ్లు పాతవే ఉండేవి.

కంపెనీకి ఇంట్లోనే మార్గం ఉంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా అప్పటికే బి-275 ట్రాక్టర్లు చేస్తోంది. ఆ ట్రాక్టరు డీజిలు ఇంజినును 1970లలోనే జీపులో దించారు. మోత ఎక్కువ, వణుకు ఎక్కువ, పికప్ తక్కువ. అయినా మైలేజీ చూసి జనం సర్దుకుపోయారు. ఇంతకంటే సాఫీగా నడిచేది కావాలని 1979లో ఫ్రాన్సుకు చెందిన ప్యూజోతో ఎక్స్‌డీపీ 4.90 డీజిలు ఇంజినుకు ఒప్పందం చేసుకున్నారు. 2,112 సీసీ. నాసిక్ దగ్గరి ఇగత్‌పురిలో వాటి తయారీ మొదలైంది. 1980లలో వచ్చిన ఎంఎం 540 జీపు దాంతోనే పేరు తెచ్చుకుంది. అమెరికాలో అయితే సీజే జీపుల్లోంచి హరికేన్ 1971లోనే తప్పుకుంది. అంతకు ముందు ఏడాదే అమెరికన్ మోటార్స్ జీపును కొనుక్కుని, తన సొంత ఆరు సిలిండర్ల ఇంజిన్లను వెంట తెచ్చింది.

రూస్ 1950ల మధ్యలో విల్లీస్ నుంచి విరమించుకున్నాడు, 1960లో కన్నుమూశాడు. ఆయన లేని టొలీడో 1962లో క్యామ్‌షాఫ్టును హెడ్డు పైకెక్కించిన ఆరు సిలిండర్ల ఇంజినును ధైర్యం చేసి బయటికి తెచ్చింది. వ్యాగనీర్ అనే పెద్ద బండి కోసం చేసిన ఆ టోర్నడో ఇంజిను అమెరికా పౌర బండ్లలో ఎందుకు నాలుగేళ్లు కూడా నిలబడలేదో వచ్చే సంచికలో.